వెయ్యి మెట్లు, పది శాతం

4, ఆదివారం. ఉదయం 6.10

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని! బూట్లు కూడా కొత్తవే. ఆయాసం తగ్గాలంటే మెట్లెక్కమన్నాడు డాక్టరు. ఇరవై ఏళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మెకానిక్‌తో అనాల్సిన మాటేనా? అయినా సరే.

మాది ఐదో అంతస్తు. అంతస్తుకి ఇరవై చొప్పున కింది నుంచి ఇంటికి వంద మెట్లు. పదిసార్లు ఎక్కితే వెయ్యి. ఇవాళే, ఒక్క రోజులో! దిగడానికి లిఫ్టు ఎలాగూ ఉంది.

ఇంత పట్టుదలకి కారణం మా అమ్మాయి. లెక్కల్లో ఇరవై అయిదుకి ఆరు వచ్చాయి. శుక్రవారం మళ్ళీ పరీక్ష. తప్పితే అదే క్లాసులో ఇంకో ఏడాది. చక్రవడ్డీ దగ్గర కూలబడింది. సూత్రం రాత్రి బట్టీపడితే పొద్దుటికి ఉండటం లేదు. నాకూ రాదు. అందుకే ఒప్పందం: అది లెక్క నేర్చుకోవాలి, నేను మెట్లెక్కాలి.

"ఎక్కకపోతే?" అంది.

"వడ్డీ కడతా. రోజుకి పది శాతం!"

"చక్రవడ్డీయేనా?"

"చక్రవడ్డీయే! వాయిదాల్లేవు. వెయ్యీ ఒక్కరోజులో ఎక్కితేనే జమ."

బూట్ల డబ్బా మూత మీద ఇదంతా రాసి సంతకం పెట్టాను.

7.05

నూట నలభై! బూట్లు కరుస్తున్నాయి. మిగతావి సాయంత్రం.

సాయంత్రం 5.00

చుట్టాలొచ్చారు. ఏం చేస్తాం! (నేనే రమ్మన్నాను.)

5, సోమవారం

బాకీ: 1000 + 100 = 1100.

ఇవాళ ఒక ఆఫీసులో లిఫ్టు ఆగిపోతే పనిముట్ల పెట్టె మోసుకుంటూ ఎనిమిది అంతస్తులు ఎక్కాను. అవి జమ వేసుకోమన్నాను.

"అవి జీతానికి ఎక్కావు నాన్నా. ఇవి మాటకి ఎక్కాలి."

అంతా తల్లి పోలిక.

6, మంగళవారం

మోకాలు నొప్పి. (ఎడమది. కుడిది రేపటికి ఉంచాను.)

బాకీ 1200 అని నేనే రాశాను. పెద్ద గొడవ.

"వెయ్యికి వంద. రెండ్రోజులకి రెండొందలు. ఇందులో లెక్కేముందే?"

అమ్మాయి మూత లాక్కుని చాలాసేపు దానివంకే చూసింది.

"కాదు నాన్నా... నిన్నటి వంద కూడా నువ్వు ఎక్కలేదుగా. అది అసల్లో కలిసిపోయింది. ఇవాళ అసలు పదకొండు వందలు. దానికి వడ్డీ నూట పది. 1210!"

పది మెట్లు పెరిగితే పెరిగాయి, దాని మొహం చూడాలి! మా అమ్మ మంచం మీంచే చప్పట్లు కొట్టింది.

"అమ్మా, నువ్వు నా వైపా, దాని వైపా?"

"అసలు కంటే వడ్డీ ముద్దురా."

7, బుధవారం

1210 + 121 = 1331.

దిగిన మెట్లు కూడా లెక్కలో వేద్దామన్నాను. అమ్మ, మా ఆవిడ, అమ్మాయి ముగ్గురూ ఒకేసారి నవ్వారు. మనసు కష్టపెట్టుకుని ఎక్కలేదు.

8, గురువారం

1331 + 133.1 = 1464.1.

పాయింట్ ఒకటి మెట్టు ఎలా ఎక్కుతారు? "బొటనవేలు ఆనించరా," అంది అమ్మ.

సాయంత్రం 6.20

మా బిల్డింగు లిఫ్టే ఆగిపోయింది! కింద నేను, పైన ఇల్లు. "ఇప్పుడెక్కక ఏం చేస్తారో చూస్తా!" అని మా ఆవిడ బాల్కనీలోంచి కేకేసింది.

6.41

బాగుచేసేశాను! ఇరవై ఒక్క నిమిషాలు. నా సర్వీసులోనే రికార్డు. ఇరుగుపొరుగు తెగ మెచ్చుకున్నారు. మా ఆవిడ తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది.

బరువు: చూసుకోలేదు.

9, శుక్రవారం

1610.51. కాగితం లేకుండా, జడ వేయించుకుంటూ నోటితోనే చెప్పేసి పరీక్షకి వెళ్ళిపోయింది. ఎక్కావా అని కూడా అడగలేదు. చాలా సిగ్గేసింది.

పని ఎగ్గొట్టి బడి గేటు దగ్గర నిలబడ్డాను. నా పరీక్షలకే నేనింత భయపడలేదు. బయటికొచ్చి "ఏమో" అంది, అంతే.

10, శనివారం

ఇరవై అయిదుకి పదిహేడున్నర!!

అసలు పదివేలు, పది శాతం, మూడేళ్ళు. సూత్రం ఊసే లేదు. ఏడాదికో వరస: 11,000. 12,100. 13,310. ఎంత ముచ్చటగా వేసిందో! చివర జవాబు: "మొత్తం 13,310 మెట్లు."

కింద ఎర్ర సిరాతో టీచరుగారు "డబ్బుల లెక్కలో మెట్లేమిటి?" అని రాసి అర మార్కు కోసేశారు.

ఆ అర మార్కు పోయింది నా వల్లే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఆవిడ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను. చూసింది.

ఇవాళ్టి బాకీ వెయ్యడం మర్చిపోయాను. అమ్మాయి మర్చిపోలేదు: 1771.561.

11, ఆదివారం. ఉదయం 6.10

అమ్మాయి మూత తిరగేసింది. వెనకవైపు తెల్లగా ఉంది.

"పాసయ్యాను కాబట్టి వడ్డీ మాఫీ నాన్నా. అసలు కట్టు చాలు."

"అసలెంత?"

"అసలు నువ్వు ఎక్కితేగా! వెయ్యీ అలాగే ఉంది."

సరే. ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని! బూట్లు ఇంకా కొత్తవే. లెక్కపెట్టడానికి అదీ వస్తానంది. లేసులు కట్టుకుంటూ వచ్చే వారం పాఠమేమిటని అడిగాను.

"కాలము-పని. ఒక మనిషి ఒక పనిని ఎన్ని రోజుల్లో పూర్తిచేయును?"

నా బూట్ల వంక ఓసారి చూసింది.

"ఈసారి మూత చాలదు నాన్నా. డబ్బా కూడా పారెయ్యకు."