గొడుగు బొమ్మ

పెద్దదానికి అమ్మ దీవించి రాయించేది. ఇక్కడ అందరం క్షేమమని రాయమంటే క్లినిక్ నర్సమ్మ నా చేతికట్టు చూసి కలం ఆపింది. సరే, బతికే ఉన్నామని రాయమన్నాను. పిల్లదాని దగ్గు తగ్గిందా?

"ఈ వయసులో కొట్లాటలేంటమ్మా, ఆ లాడ్జి మేనేజర్‌కి క్షమాపణ చెప్పి కేసు వదిలించుకో" అని రాయించావు. చెప్పను. ఎందుకో విను.

ఆ గదుల్లో ఒకప్పుడు నేనూ ఒళ్లమ్ముకున్నదాన్నేనని నీకు తెలుసు. ఇప్పుడు అక్కడి ఆడవాళ్లకు కండోములు పంచుతాను, రక్తపరీక్షకు తీసుకెళ్తాను, హెచ్ఐవి ఉన్నవాళ్లకు మాత్రలు అందిస్తాను. చదువు రాదు కాబట్టి నా పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ. మాత్రలు వేసుకునేవాళ్ల బొమ్మ పక్కన ఎర్ర చుక్క.

పోయిన మంగళవారం మేనేజర్ ఆ పుస్తకం లాక్కుని తిరగేస్తూ ఒక ఎర్ర చుక్క దగ్గర ఆగాడు. ఆ చుక్క దేనికో వాడు ఎప్పుడో పసిగట్టాడు. "ఇదెవరో నాకు తెలుసులే ముసలీ" అంటూ నేరుగా వెళ్లి గొడుగమ్మ గది తలుపు తన్నాడు. గొడుగు లేనిదే గడప దాటదని ఆమెకా పేరు. జుట్టు పట్టి మెట్ల దాకా ఈడ్చి, "రోగిష్టిదానా" అంటూ డొక్కలో తన్నాడు. తల మెట్టుకు తగిలి పగిలింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఒక్కరూ కదల్లేదు. నా చేతికి ఇనప బకెట్ అందింది. వాడి మోచేతి మీద దించాను, ఎముక చిట్లిన చప్పుడు వినబడింది. "అమ్మా" అన్నాడు. "నీ అమ్మని కాదురా" అని రెండోది మోకాలి మీద వేశాను. వాడు తోస్తే నా మణికట్టు విరిగింది.

ఆ రోజు నుంచి గొడుగమ్మ మాత్రలు ముట్టలేదు. మిగతావాళ్లూ నాకు తలుపు తీయలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నర్సమ్మకూ తెలియదు. మనిషిని పట్టించే బొమ్మ వేయొద్దని ఆమె గొడుగమ్మకు చేప గుర్తు ఇచ్చింది. నేను మర్చిపోతానని చేపను కొట్టేసి గొడుగు గీసుకున్నాను. వాడికి ఆ తలుపు చూపించింది నా చెయ్యే.

రాయి నర్సమ్మా, ఆపకు.

నిన్న కుళాయి దగ్గర అందరి ముందు ఒప్పుకున్నాను. గొడుగమ్మ వచ్చి నా చెంప పగలగొట్టింది. కింది పన్ను కదిలింది. "నిన్ను నమ్మానే, ముసల్దానా" అంది. తర్వాత కొట్టిన చెయ్యే చాచింది. మాత్రల డబ్బా ఇచ్చాను. నీళ్లు లేకుండానే ఒకటి మింగింది.

శుక్రవారం వాయిదా. కొట్టానని ఒప్పుకుంటాను. ఎందుకు కొట్టానో చెబితే ఆమె రోగం కోర్టు కాగితాలకెక్కుతుంది, కాబట్టి అడిగినా నోరు విప్పను. జైలంటే జైలే. నువ్వు రావద్దు. ఈ ఉత్తరం చదివించుకుని పొయ్యిలో పడెయ్.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ వేలిముద్ర