ఊడిన పట్టీకి జవాబు

మేనేజరు గారికి నమస్కారం.

మన చెప్పుల కంపెనీ పేజీలో ఒకావిడ "వారానికే పట్టీ ఊడింది" అని కామెంటు పెడితే, తీసేయకుండా జవాబిచ్చినందుకు సంజాయిషీ అడిగారు. తిట్టే కామెంటు కనబడకూడదని మీరు మొదటి రోజే నేర్పారు. మరిచిపోలేదు.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. అందుకని కామెంట్లన్నీ అమ్మకు చదివి వినిపిస్తాను. మన కుట్టుగదిలో మూడో మిషను ఆమెదే. ఇది విని, "పట్టీలు కుట్టేది నేనేగా. దాచడమెందుకే? తెమ్మను, మళ్ళీ కుట్టి ఇస్తా" అంది. నేను అదే రాశాను.

ఆవిడ ఈ ఉదయమే చెప్పులు తెచ్చింది. అమ్మ కుడుతోంది. నన్ను పనిలోంచి తీసేసినా, ఆ జవాబు మాత్రం నా చేత్తో తీయను. సాయంత్రం కొత్త కుట్టు ఫోటో కూడా పెడతాను. పాస్‌వర్డ్ మార్చాలనుకుంటే ఈలోగా మార్చుకోండి.

ఇట్లు,
మీ దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి