మూలగదిలోంచి జవాబు

అమ్మకు,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. తిండి, నిద్ర, చదువు వాటి దారిన అవి నడుస్తున్నాయి. అక్కడ నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. కులాసా అన్నది మన ఇంటికి ఇప్పుడు పెద్ద మాటేనని తెలుసు, అయినా ఉత్తరం మొదట్లో ఇంకేం రాయాలో తోచలేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను, లేకపోతే అవే అడుగుతూ ఇంకో ఉత్తరం రాస్తావు. నువ్వు కుట్టి పంపిన చొక్కా అందింది. భుజాల దగ్గర వదులైంది. నేను చిక్కిపోలేదు, కంగారుపడకు. నువ్వే అక్క కొలతలకు కత్తిరించావు. ఆ సంగతి కుడుతుండగానే నీకు తెలిసి ఉంటుంది, విప్పడానికి చేతులు రాక అలాగే పంపేసి ఉంటావు. నేనూ దాన్ని బిగించుకోలేదు. వదులుగానే వేసుకుంటున్నాను.

నా గదిలో అమ్మాయి గురక తగ్గలేదు. దాని గొంతు పెద్దదని అందరం గంట అని పిలుస్తాం, నిద్రలో కూడా ఆ పేరు నిలబెట్టుకుంటోంది. నాన్నకు పొద్దుటి డ్యూటీ పడిందని రాశావు, మంచిదే, సాయంత్రాలు నీకు తోడుంటాడు. బస్సు తోలి వచ్చినవాణ్ణి కాసేపు కూర్చోనివ్వు, రాగానే గుండీలు ఏరే పని అప్పజెప్పకు.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని గంట నన్ను ఆటపట్టిస్తుంది. అక్క కబురు మనకు ఫోనులోనే వచ్చిందనీ, అప్పటినుంచి ఫోను మోగితే నువ్వు మిషను ఆపి గోడకేసి చూస్తూ ఉండిపోతావనీ దానికి చెప్పలేదు. ఉత్తరమైతే మా అమ్మ పదిసార్లు చదువుకుంటుంది అన్నాను. అదీ అబద్ధం కాదు.

ఇక నా కబుర్లు. యూనివర్సిటీలో మేమొక కొత్త సంఘం పెట్టాం. నువ్వు నుదురు చిట్లించే సంఘం కాదు, జెండాలూ నినాదాలూ లేవు. మా పనల్లా తలుపులు కొట్టడం. సాయంత్రం భోజనాల వేళకు ముందు ఒక్కొక్కరం ఒక్కో వరండా పంచుకుని, ప్రతి గది తలుపూ కొట్టి, "ఉన్నావా?" అని అడుగుతాం. లోపలున్నవాళ్లు "ఉన్నా" అంటే చాలు, తలుపు తీయక్కర్లేదు, కబుర్లు చెప్పక్కర్లేదు. జవాబు రాకపోతే వెళ్లి కనుక్కుంటాం. ఎవరి పేరూ ఎక్కడా రాసుకోం. రాసుకుంటే అది హాజరవుతుంది, హాజరంటే అందరికీ చిరాకు.

రిజిస్టర్ చేయించడానికి ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమాస్తా కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"నాటకాలకో సంఘం అంటే అర్థమవుతుంది, చదరంగానికి అంటే అర్థమవుతుంది. తలుపులు కొట్టడానికి సంఘమేంటమ్మా?"

"కొట్టేవాళ్లు లేరు కాబట్టండి."

ఆయన కలం తీసి 'విద్యార్థి క్షేమ పరామర్శ సమితి' అని రాసుకున్నాడు. ఆ పేరు మాలో ఎవరికీ నోరు తిరగదు. అందరూ 'ఉన్నావా సంఘం' అనే అంటారు. మొదట్లో మా మీద జోకులు తెగ పేలాయి. ఒక గదిలోంచి "లేను, రేపు రా" అనేవాళ్లు. ఇంకో గదిలోంచి పిల్లిలా అరిచేవాళ్లు. పోనుపోను అదే అలవాటైపోయింది. ఒకరోజు మేం కాస్త ఆలస్యమైతే, "ఏంటి, ఇవాళ మమ్మల్ని మర్చిపోయారా?" అని వాళ్లే తలుపులు తీసి తొంగిచూశారు.

ఇదంతా ఎందుకు పెట్టానో నీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. అర్థమయ్యాక నీ మనసులో ఇంకో ప్రశ్న లేచి ఉంటుంది. అవునమ్మా, నేను అక్క పోయిన ఆ హాస్టల్లోనే ఉంటున్నాను. ఇక్కడ చేరేటప్పుడు ఆ గుమ్మం తొక్కనని నా చేత మాట తీసుకున్నావు. అందుకే నీ ఉత్తరాలు మా డిపార్ట్‌మెంటు చిరునామాకు రాయించుకుంటున్నాను. సంఘం పెట్టింది నేనేనని తెలుసుగానీ, నేను ఎవరి చెల్లెల్నో ఇక్కడ ఎవరికీ తెలియదు, అప్పుడు నీ వెనకాల నిలబడ్డ నన్ను వార్డెన్ కూడా పోల్చుకోలేదు. తెలిస్తే జాలితో తలుపులు కొడతారు. నాకు అది ఇష్టం లేదు.

అక్క గది ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు. పై అంతస్తులో వరండా చివర, మూలన ఉంది. పాత పరుపులు పడేసి తాళం వేశారు. అందరూ మూలగది అంటారు, ఎందుకు ఖాళీగా ఉందో కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పరు. నేను ఆ వరండా ఎప్పుడూ తీసుకోలేదు. వేరేవాళ్లకు వేసేదాన్ని, వాళ్లు చివరి తలుపు వదిలేసి వెనక్కి తిరిగేవాళ్లు.

ఆ రోజు మనం వచ్చినప్పుడు వార్డెన్ నీ చేతులు పట్టుకుని చెప్పింది గుర్తుందా? "సెలవులకి అందరూ వెళ్లిపోయారమ్మా, ఈ పిల్ల కూడా వెళ్లిందనుకున్నాం. జ్వరంలో పిలిచినా ఆ మూలనుంచి బయటికి వినపడదు, గోడలు అంత మందం" అని. ఆ ఒక్క మాట పట్టుకుని నువ్వు బతికావు. ఇంటికి ఎవరొచ్చినా అదే చెప్పేదానివి, గోడలు మందమట, వినపడదట అని. చెప్పాక మంచినీళ్లు తాగేదానివి.

నాకు మాత్రం ఆ మాట అరగలేదు. పోయినవారం గంటకు నడుం నొప్పిగా ఉంది, ఇంకో పరుపు కావాలని వార్డెన్ని అడిగి తాళం చెవి తీసుకున్నాను. నడుం నొప్పి నిజమే. పరుపు తీసుకుని రాకుండా లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకోవడం మాత్రం నేను ముందే అనుకుని చేసిన పని. లోపల దుమ్ము వాసన, తడిసి ఆరిన దూది వాసన. కిటికీకి అడ్డంగా పరుపులు పేర్చడంతో వెలుతురు సగమే వస్తోంది. గోడకు అక్క అంటించిన కాగితం మరక అలాగే ఉంది. నేను కింద పరుపు మీద పడుకుని చూశాను. అక్క మంచం ఉన్న వైపే.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. వరండాలో తలుపుల చప్పుడు మొదలైంది. ఉన్నావా, ఉన్నా. ఉన్నావా, ఉన్నా. ఒక్కో గదీ దాటుకుంటూ నా వైపే వస్తోంది. ఆ రోజు ఆ వరండా కొత్తగా చేరిన అమ్మాయికి పడింది. చివరి తలుపు వదిలేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తాళం లేదు కాబట్టి ఎవరో ఉన్నారనుకుంది. తలుపు కొట్టింది.

"ఉన్నావా?"

పలకలేదు. వెళ్లిపోతుందిలే అనుకున్నాను. వెళ్లలేదు. మళ్లీ కొట్టింది.

"జవాబు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటా. నాకు వేరే పనేం లేదు."

అప్పుడు "ఉన్నా" అన్నాను. గట్టిగా అనలేదమ్మా. పడుకునే, గొణిగినట్టు అన్నాను. నా గొంతూ అక్క గొంతూ ఒక్కటేనని, వంటింట్లోంచి వింటే ఎవరో పోల్చుకోలేనని అనేదానివి కదా. ఆ గదిలో ఆ మాట విని నాకే భయమేసింది. నోరు నాదే, గొంతు నాది కాదనిపించింది. ఆ అమ్మాయి అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా కదల్లేకపోయాను.

ఆ పూట భోజనాల దగ్గర ఆమె మామూలుగా అంది, "మూలగదిలో అక్కకి ఒంట్లో బాగోలేనట్టుంది, గొంతు బొంగురుగా ఉంది. ఎవరైనా వెళ్లి చూస్తారా?"

గంట చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "ఆ గదిలో ఎవరూ లేరే" అని ఎవరో అన్నారు. పాతవాళ్లలో ఒకామె ఎందుకు లేరో కూడా చెప్పేసింది. కొత్తమ్మాయి ముఖం పాలిపోయింది. "నేను విన్నాను. రెండోసారి కొట్టాక పలికింది" అంటూ ఏడ్చేసింది. నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. తల వంచుకుని అన్నం కలుపుతూ కూర్చున్నాను.

ఇక చూడు. మర్నాటికల్లా ఆ వరండాలో ఇద్దరు గదులు మార్చుకున్నారు. ఒకామె తనకూ వినపడిందంది. తలుపులు కొట్టడానికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే ముఖం చాటేశారు. కొడితే లోపలివాళ్లు పలకడం మానేశారు, పలికేది ఎవరోనని వాళ్లకు భయం, అడిగేది ఎవరోనని వీళ్లకు భయం. నా సంగతి అంతకంటే ఘోరం. పలికింది నేనేనని తెలిసి కూడా ఆ వరండా మొదట్లోంచే వెనక్కి వచ్చేసేదాన్ని. వార్డెన్ నన్ను పిలిచి, "ఇవాళ మీవాళ్లందర్నీ పిలిచి చెప్పెయ్. రేపటి నుంచి ఈ తలుపులు కొట్టడాలు ఉండవు. ఆఫీసుకి నేనే రాస్తాను" అంది.

సంఘం పోతే పోనీ అనుకోలేకపోయానమ్మా. అక్క పేరు మీద నేను చేసిన పని అదొక్కటే. చదువుల గదిలో మిగిలినవాళ్లందరినీ కూర్చోబెట్టాను. వార్డెన్ గుమ్మంలో నిలబడింది.

"ఆ రోజు మూలగదిలో పలికింది నేను. ఆ గదిలో పోయింది మా అక్క" అన్నాను.

గంట లేచి వచ్చి నా పక్కన కూర్చుంది, అంతే. కొత్తమ్మాయి మాత్రం నన్నే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. ఆమెను అంత ఏడిపించాను, తిట్టినా పడేదాన్నే.

"మరి మొదటిసారి ఎందుకు పలకలేదు?" అంది.

"నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని."

"కొట్టింది నేను కదా. నాకేం ఇబ్బంది?" అంది. ఆగి, "మెల్లగానే అన్నావు. అయినా నాకు బాగా వినిపించింది" అంది.

వార్డెన్ తల దించుకుంది. "ఆ సెలవుల్లో నేను కింద నా గదిలోనే ఉన్నానమ్మా. పైకి ఎక్కలేదు" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. గోడల మాట మనం నిద్రపోవడానికే చెప్పింది, తనూ నిద్రపోవడానికే చెప్పుకుని ఉంటుంది. ఆఫీసుకు ఆమె ఏమీ రాయలేదు. మర్నాడు సాయంత్రం తనే ముందు నడిచి పై వరండా తలుపులు కొట్టింది.

ఇంతవరకూ రాసి, చించేద్దామా అని రెండుసార్లు లేచాను. ఇక దాచను. ఆ గోడలు మందమైనవి కావమ్మా. గొణిగినా బయటికి వినపడుతుంది. అక్క గట్టిగా పిలిస్తే కిందనున్న వార్డెన్‌కైనా వినపడేదే. అక్క పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఆ పరుపు మీద పడుకున్నప్పుడు నాకు తెలిసింది. మొదటిసారి తలుపు చప్పుడుకు నా మనసులో లేచిన మాట ఏ దెయ్యానిదీ కాదు, మన ఇంటిదే. నువ్వు మా ఇద్దరికీ జడలు వేస్తూ చెప్పినదే, ఎవరినీ ఇబ్బంది పెట్టకండి, మంచిపిల్లలనిపించుకోండి అని. అక్క నాకంటే మంచిపిల్ల.

నిన్ను తప్పుపట్టడానికి రాయలేదు. నీకూ ఎవరో జడ వేస్తూనే చెప్పి ఉంటారు. ఈ సంగతి తెలిస్తే నీ బరువు తగ్గుతుందో పెరుగుతుందో నాకు తెలియదు, పెరుగుతుందనే భయం. కానీ నేనొక్కదాన్నే మోయలేకపోతున్నాను. ఒకటి మాత్రం నాకు గట్టిగా తెలుసు. ఎవరైనా వచ్చి, కొట్టి, వెళ్లిపోకుండా రెండోసారి కొట్టి ఉంటే అక్క పలికేది. నేను పలికాను కదా.

అమ్మా, నువ్వు ఇక్కడికి రావాలి. నాన్నకు సెలవు దొరకదని, ఒప్పుకున్న బట్టలు మిగిలిపోయాయని రాయకు. గంట తన మంచం నీకిచ్చి కింద పడుకుంటానంది, గురకకు మాత్రం తన పూచీ లేదంది. ఆ గుమ్మం చూడటం నీకెంత కష్టమో తెలిసే అడుగుతున్నాను. నాకు రాత్రిళ్లు భయమేస్తోంది, నువ్వు కావాలి. నిన్ను ఇబ్బంది పెడుతున్నాను.

ఇట్లు,
నీ చిన్నకూతురు