నువ్వు గుర్తుపట్టిన పులుపు

పిచ్చుకకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, చంటిదీ క్షేమమని నమ్ముతున్నాను. ఈ ఉత్తరంలో క్షేమంగా ఉండే మాటలు ఇంతవరకే. మిగిలినదంతా కోపంతో రాస్తున్నాను. అయినా వంకర అక్షరం గానీ కొట్టివేత గానీ నీకు కనిపించదు. చిత్తుప్రతి రాసి, సరిచూసుకుని, మళ్లీ రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయి. వాటికీ డెబ్భై నాలుగేళ్లే కదా. మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు పంపిన వృద్ధుల వసతి గృహం కరపత్రం అందింది. అందులో ప్రతి బొమ్మలోనూ ముసలివాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుతున్నారు. బయట ఏముందో మాత్రం ఏ బొమ్మలోనూ లేదు. వెనక అట్ట మందంగా, ఖాళీగా ఉంది కనుక కొలతలు రాసుకోవడానికి వాడుకుంటున్నాను. ఇక ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా ఫోను ఎందుకు తీయనని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. దానికి జవాబు ఉంది. కాస్త ఓపిక పట్టు.

మీ వారపత్రిక చూశాను. నువ్వు పంపింది కాదు. కింది వాటాలోని దర్జీ తెచ్చి ఇచ్చాడు. "మీ అమ్మాయిగారు మన ఊరి హోటలు గురించి రాశారండీ. మిమ్మల్ని కూడా పేపర్లోకి ఎక్కించారు" అని గడపలోనే నిలబడి, నేను చదివేదాకా కదల్లేదు.

'వెతుక్కుంటూ వెళ్లదగిన ఏడు వీగన్ భోజనశాలలు' అని పెద్ద అక్షరాల్లో పెట్టావు. పాలు, వెన్న, గుడ్డు, తేనె ఏదీ ముట్టని వంట కోసం ఊరూరా తిరిగావు. మెచ్చుకోవలసిందే. మొదటి చోట నిప్పుల మీద కాల్చిన వంకాయకు నువ్వుల ముద్ద పట్టించి వడ్డిస్తారని రాసిన పేరా చదివితే నాకు నోరూరింది. మూడో చోట బీట్‌రూట్‌ను మాంసంలా ఎర్రగా కారేట్టు చేసి రొట్టెల మధ్య పెడతారట, దానికి నువ్వు నాలుగు నక్షత్రాలు ఇచ్చావట. మాంసం వద్దనుకున్నవాడికి మాంసం వేషం వేసిన దుంప దేనికో నాకు బోధపడదు. అయిదో చోట శనగలు ఉడికించిన నీళ్లను గిలకొట్టి గుడ్డు సొనలా తెల్లని నురగ తీస్తారని చెప్పి, 'ఇది మాయ' అని ముగించావు. అది మాయ కాదు, మాంసకృత్తు. నువ్వు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మన వంటగదిలో నేనే చేసి చూపించాను. ఆ నురగ ముక్కుకు పూసుకుని వీధంతా తిరిగావు.

ఏడోది మా ఊరిది. గుమ్మడికాయ సూపు బాగుందన్నావు, పుట్టగొడుగుల బార్లీ బాగుందన్నావు. ఆ తర్వాత వేరుశనగ పాలతో చేసిన పెరుగు దగ్గరికి వచ్చి ఈ వాక్యాలు రాశావు: "ఈ పెరుగు అచ్చం మా అమ్మ తోడు పెట్టే పాల పెరుగు. నలభై ఏళ్లు తిన్న నాలుకను మోసం చేయలేరు. ఇందులో పాలు లేవని నమ్మేవాళ్లు నమ్మవచ్చు."

నీ మీద నాకున్న కోపాల్లో మొదటిది చిన్నది. ఆ భోజనశాల నా ఇంటికి నాలుగు వీధుల దూరం. నువ్వు మా ఊరికి వచ్చి, తిని, మూతి తుడుచుకుని రైలెక్కావు. నా మెట్లెక్కలేదు. పనిమీద వచ్చానంటావు. ఉండనీ. రెండోది పెద్దది. అనుమానం వచ్చినప్పుడు లోపలికి వెళ్లి అడగలేదు. అయిదు అడుగుల దూరంలో వంటగది తలుపు ఉంది. తట్టి, "ఈ పెరుగు ఎలా చేస్తారు?" అంటే నోరు అరిగిపోదు కదా. అడగకుండా వెళ్లి, అచ్చులో గుచ్చావు. పైగా నా అనుమతి లేకుండా నన్ను సాక్షిగా నిలబెట్టావు. సాక్షిని పిలిచినవాళ్లు సాక్ష్యం కూడా వినాలి. విను.

నువ్వు వచ్చిన మంగళవారం నేను ఆ వంటగది వెనక గుమ్మంలోంచి పదకొండింటికి దిగాను. నువ్వు ముందు గుమ్మంలోంచి పన్నెండున్నరకు ఎక్కి ఉంటావు. ఎనిమిది నెలలుగా నేను అక్కడ పని చేస్తున్నాను. ఆ పెరుగు చేసేది నేనే.

నీకు చెబితే మోకాళ్ల గురించి ఉపన్యాసం ఇస్తావని చెప్పలేదు. ఆ భోజనశాల యజమానురాలు పూర్వం ఆసుపత్రి నర్సు. ఇప్పటికీ అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. ఆమె కూతురికి పాలు పడవు. ఒక చుక్క తగిలినా ఒళ్లు దద్దుర్లు లేస్తుంది. ఆ పిల్ల భయం లేకుండా అందరితో కూర్చుని తినే చోటు ఒక్కటైనా ఉండాలని ఉద్యోగం మానేసి ఏడు బల్లలతో ఆ భోజనశాల పెట్టింది. నేను ఒకనాడు తినడానికి వెళ్లి, పెరుగు రుచి చూసి, "ఇది పెరుగు కాదమ్మా, సున్నం తేట" అన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయితే మీరే వచ్చి తోడుపెట్టండి టీచరమ్మా. చెప్పడం ఎవరైనా చెబుతారు" అంది. ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పినదాన్ని. ఆ మాటకు తిరిగి వచ్చేస్తానా. మర్నాడు ఆరింటికి వెళ్లాను.

వంట చేసేది గరిటె మాస్టారు. సొంత చెక్క గరిటె ఇంటి నుంచి తెచ్చుకుని, తిరిగి ఇంటికి పట్టుకెళతాడు. దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. ఆరేళ్లుగా నర్సమ్మ దగ్గరే ఉన్నాడు. ఆ వంటగదికి ఒక కట్టుబాటు ఉంది: బయటి తిండి ఏదీ గడప దాటి లోపలికి రాకూడదు. మాస్టారుకు పాలు పోసిన టీ లేనిదే పొద్దు గడవదు. తన ఫ్లాస్కు వెనక మెట్ల మీదే పెట్టి, వానలోనైనా అక్కడే తాగి, నోరు పుక్కిలించి లోపలికి వస్తాడు.

నీ వ్యాసం వచ్చాక ఏడు బల్లల్లో ఆరు ఖాళీ అయ్యాయి. ఎవరో దాన్ని కత్తిరించి తలుపుకు అంటించిపోయారు. నర్సమ్మ దాన్ని గోటితో గీకి, సగం చిరిగిన ముక్క చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది.

"పాలు తాగేది మనలో ఒక్కరే. ఆ ఫ్లాస్కు ఎప్పుడైనా లోపలికి వచ్చిందా మాస్టారూ?"

"రాలేదమ్మా. మెట్ల మీదే తాగుతాను. మీరు రోజూ చూస్తూనే ఉన్నారు."

"మరి పెరుగులోకి పాలు ఎలా వచ్చాయి? గోడ పాలిచ్చిందా?"

"వచ్చాయని రాశారు. వచ్చాయో లేదో నాకేం తెలుసు? చదువుకున్నవాళ్లు ఎందుకు రాస్తారో చదువుకోనివాణ్ణి నేనెలా చెప్పను?"

"ఊరికే రాస్తారా?"

ఆయన గరిటె కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టుకుని వెనక మెట్లు దిగాడు. నర్సమ్మ ఆపలేదు. నేను కొలత గిన్నె తుడుస్తూ అక్కడే నిలబడ్డాను. తుడిచిన గిన్నెనే మళ్లీ మళ్లీ తుడిచాను. అలా నాలుగు రోజులు నోరు మెదపలేదు.

ఎందుకో ఇప్పుడు చెబుతాను. దీన్ని మాత్రం చిత్తుప్రతిలో మూడుసార్లు రాసుకోవలసి వచ్చింది.

వేరుశనగ పాలను పెరుగు చేయడానికి ఆ వంటగదిలో పచ్చిమిరప తొడిమలు వేస్తారు. వాటిని అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులే తోడుగా పనిచేస్తాయి. నేను మూడు రోజులు ప్రయత్నించాను. వేడి చూశాను, కొలత చూశాను, గిన్నె మార్చాను. మూడు రోజులూ తీగలు సాగే జిగురే వచ్చింది. మాస్టారు నవ్వు ఆపుకుంటూ, "సున్నం తేట నయం టీచరమ్మా" అన్నాడు. నాలుగో రోజు మన ఇంటి పెరుగు ఒక్క చెంచా చిన్న సీసాలో వేసుకుని, చేతిసంచిలో పెట్టుకుని వెళ్లాను. ఎవరూ చూడకుండా కలిపాను. మా అమ్మ గిన్నెలోంచి నా గిన్నెలోకి వచ్చి, ఇన్నేళ్లూ చావకుండా నిలిచిన తోడు అది. ఆ రోజు ఇంటికి వెళ్లకుండా కాచుకుని కూర్చున్నాను, సాయంత్రానికి గిన్నె బోర్లించినా జారని పెరుగు తయారైంది. నర్సమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది. మిరప తొడిమలతోనే వచ్చిందని చెప్పాను.

ఆ తర్వాత ఎన్నడూ ఇంటి నుంచి తీసుకెళ్లలేదు. నిన్నటి పెరుగులో ఒక చెంచా నేటి పాలకు, నేటిది రేపటికి. వారం తిరిగేసరికి ఆ గిన్నెలో ఆవు పాలనేది వెతికినా దొరకదు, లెక్క వేసి చూపిస్తాను. పాలు పోయాయి. ఆ సూక్ష్మజీవులు మాత్రం వేరుశనగ పాలు తాగి బతికాయి, వాటి పులుపు నిలిచింది. ఎనిమిది నెలల తర్వాత నువ్వు గుర్తుపట్టింది దాన్నే. నీ నాలుక తప్పు చేయలేదు పిచ్చుకా. మీ అమ్మ పెరుగే నువ్వు తిన్నావు. అందులో పాలున్నాయన్నది మాత్రం, నువ్వు తిన్న రోజున, అబద్ధం.

మొదటి రోజున అబద్ధం కాదు. మొదటి రోజు ఆ పెరుగును నర్సమ్మ కూతురు గిన్నెడు తిన్నది. గంట తిరక్కుండానే మోచేతుల నిండా దద్దుర్లు లేచాయి. నేను ఆ పిల్ల పక్కనే ఉన్నాను. నర్సమ్మ కంగారుగా అన్నీ వాసన చూస్తుంటే, "గిన్నెలు తోమే సబ్బు మార్చి చూడు" అని సలహా ఇచ్చింది నేనే. లేబుల్ లేని సీసా బల్ల మీద కనిపిస్తే పిల్లలను ప్రయోగశాల నుంచి బయటికి పంపినదాన్ని. నా చేతిసంచిలో ఉన్న సీసాకు లేబుల్ లేదు.

నిన్న ఉదయం నర్సమ్మకు అంతా చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది.

"సబ్బు మార్చమంది మీరే కదా టీచరమ్మా?"

"నేనే."

"ఆ రాత్రి అది గీరుకుంటుంటే మీరు చెప్పిన సబ్బుతోనే ఒళ్లంతా కడిగాను."

తర్వాత ఆమె, "మాస్టారు ఇంటికి మీరే వెళ్లి రమ్మనండి. నాకు మొహం చెల్లదు. రేపటి నుంచి వంటగదిలోకి రావద్దు" అంది. అప్పుడే నా కళ్ల ముందే పెరుగు గిన్నెలన్నీ తూములో వంపేసి, వేడినీళ్లతో కడిగింది.

మాస్టారిది మూడో అంతస్తు. ప్రతి మలుపులోనూ ఆగాను. ఆయన గరిటె గోడ మేకుకు వేలాడుతోంది. అంతా విని, మంచినీళ్లు ఇచ్చాడు.

"కూర్చోండి, మోకాళ్లు వణుకుతున్నాయి. మీ మీద నాకు కోపం లేదు టీచరమ్మా. మీరు నన్ను దొంగ అనలేదు, ఊరుకున్నారు, అంతే. అడగకుండా తేల్చేసింది నర్సమ్మా, మీ అమ్మాయీ."

"రేపు రండి మాస్టారూ. నర్సమ్మ రమ్మంది."

"రాను. వీధిలో పిల్లలు కూడా పాలోడు అంటున్నారు. పేపర్లో ఎక్కింది పేపర్లోనే దిగాలి. అది దిగిన రోజున గరిటె తీస్తాను."

అందుకే ఈ ఉత్తరం. ఇది నీకు రాసినదే, కానీ నీ ఒక్కదానికే కాదు. పై ప్రశ్నల జవాబులు, నా మోకాళ్లు, నీ రైలు తీసెయ్యి. సాక్ష్యం మాత్రం ఏడో భోజనశాల గురించి రాసిన పేజీలోనే, అంతే అక్షరాల్లో, ఒక్క మాట తగ్గకుండా వెయ్యి. సబ్బు సంగతి కూడా. మీ అమ్మ అని రాసిన చోట నా పేరు పెట్టు, చదువు పెట్టు, ఉద్యోగం పెట్టు. మీ సంపాదకుడు వద్దంటే నేను రైలెక్కి వచ్చి ఆయన బల్ల ముందు కూర్చుంటాను. నీకు తలవంపులు అవుతుందని తెలుసు. మనిద్దరం అడగవలసిన చోట అడగలేదు, చెప్పవలసిన చోట చెప్పలేదు. తలలు మనవే వంగాలి. మూడో అంతస్తులో ఉన్న ఆ మనిషిది కాదు.

ఈ రోజు మధ్యాహ్నం మొట్టమొదటిసారి ముందు గుమ్మంలోంచి వెళ్లాను. బయట నల్లబల్ల మీద నర్సమ్మ సుద్దతో రాసింది: "నేటి పెరుగు మిరప తొడిమలతో చేసినది. సరిగా రాలేదు. జిగురుగా ఉంది." నా ముందు గిన్నె పెట్టింది, మొహం చూడలేదు. జిగురుగానే ఉంది, సుద్దలాగే ఉంది. గిన్నె ఊడ్చి తిన్నాను. పక్క బల్ల దగ్గర ఆమె కూతురు రెండోసారి వడ్డించుకుంది.

ఇంటికి వచ్చి మన పెరుగు గిన్నెకు చీటీ అంటించాను, 'ఆవు పాలు' అని. ఈసారి ఈ ఊరికి వస్తే ముందు మెట్లెక్కి రా. నీకు ఆ గిన్నె, నాకు మాటలు. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఏడో బల్ల దగ్గరికి వెళదాం, గరిటె చప్పుడు వినబడితే.

ఇట్లు,
నువ్వు అడగకుండా సాక్షిని చేసిన
నీ కన్నతల్లి