కాట్పాడిలో నా బకెట్టు

ఆదివారం. చిత్తూరులో శ్రావణ శుద్ధ విదియ. సరిహద్దుకు అవతల, తమిళనాడు కాట్పాడిలో, ఇంకా ఆడి నెల, అంటే వాళ్ల ఆషాఢం.

రేపు తిరుపతిలో ఉద్యోగంలో చేరాలి. కాట్పాడి గది అగ్రిమెంటుకు ఇంకా మూడు నెలల గడువుంది. మధ్యలో వదిలేయాలంటే ఓనరవ్వ సంతకం కావాలి, లేకుంటే అడ్వాన్సు గోవిందా. ఆషాఢంలో ఇల్లు మారకూడదని అమ్మ అన్నందుకు, అది ముగిసేదాకా బుద్ధిగా ఆగి, ఈ ఉదయం సంచులతో అవ్వ ముందు నిలబడ్డాను.

"ఆడిలో ఎవురన్నా ఇల్లు ఖాళీ చేస్తారా? సంతకం పెట్టను పో అప్పా."

"ఆషాఢం మొన్ననే అయిపోయింది కదవ్వా!"

"అది మీ ఆంధ్రాలో. నా ఇల్లు యాడుండాది?"

లా చదివినవాణ్ణి. ఇరు రాష్ట్రాల తగాదాకు ఏ కోర్టుకు పోవాలో పరీక్షలో రెండు పేజీలు రాశాను. ఏ పంచాంగం చెల్లుతుందో మా లెక్చరరు ఏనాడూ చెప్పలేదు.

నా మొహం చూసి అవ్వే తీర్పు చెప్పింది. "నీ బకెట్టు ఈడ పెట్టి పో. సామాను ఉంటే ఇల్లు ఖాళీ అయినట్టు కాదులే. ఆడి పోయి ఆవణి పుట్టినాక వచ్చి ఎత్తుకపో."

అప్పీలుకు పోలేదు. అవ్వ సంతకం పెట్టి, దారిలో తినమని చింతపండు అన్నం కూడా కట్టిచ్చింది. బస్సులోనే ఖాళీ చేశాను.

కాబట్టి ఈ రాత్రికి కాట్పాడిలో చట్టబద్ధమైన అద్దెదారు నా ఎర్ర బకెట్టు. అదక్కడ హాయిగా ఉంది. రేపు తిరుపతిలో నేను స్నానం దేంతో చేయాలన్నదొక్కటే...