భాగాహారం రాని అక్క, కప్ప తెలియని తమ్ముడు

సైనిక కుటుంబాల పిల్లల చదువులు చూసే అధికారి గారి సముఖమునకు,

విషయం: ఐదో తరగతిలో చేరవలసిన మా అమ్మాయిని, సొంత తమ్ముడు చదివే నాలుగో తరగతికి దించుటను నిలుపుదల చేయుట గురించి.

అయ్యా,

నా భార్య సైన్యంలో లారీ మెకానిక్. నేను దర్జీని. ఆమెకు బదిలీ అయినప్పుడల్లా ఒక చేత్తో కుట్టుమిషను, ఇంకో చేత్తో పిల్లలను పట్టుకొని వెంట నడుచుట నా అసలు ఉద్యోగం. దానికి జీతం లేదు, బదిలీలు మాత్రం ఉన్నవి.

1. మా అమ్మాయి ఇప్పటికి సైనికుల పిల్లల బడులు నాలుగు చూసినది. బడికొక పాఠ్యక్రమం. ఎక్కడికి పోయినా, మేము సామాను దించే వేళకు అక్కడ కప్ప జీవితచక్రం మొదలగుచున్నది. భాగాహారం మాత్రం ఒక బడిలో "ఇంకా రాలేదు" అనిరి, తరువాతి బడిలో "అయిపోయింది" అనిరి. కావున నిద్రలో లేపి అడిగినా కప్పను గుడ్డు మొదలు తోక ఊడేవరకు అప్పజెప్పగలదు. పన్నెండును మూడుతో భాగించమంటే నీళ్ళు నములుతుంది.

2. మా అబ్బాయిది తలకిందుల కేసు. వాడికి వెళ్ళిన ప్రతి బడిలోనూ భాగాహారమే. ఇంట్లో ఏది కనబడినా భాగిస్తాడు. మొన్న అరటిపండ్లు భాగించి శేషం తానే తిన్నాడు. తోకకప్పను చూపిస్తే చేపపిల్ల అన్నాడు. ఇద్దరినీ కలిపి కుడితే ఒక నిండు విద్యార్థి తయారగును గాని, ఆ కుట్టు నాకు రాదు.

3. కొత్త బడి పెద్ద టీచరమ్మ పరీక్ష పెట్టి, "భాగాహారం రాని పిల్లని ఐదులో ఎలా కూర్చోబెట్టను? నాలుగులో వేస్తా" అన్నారు. అందులో దాని తమ్ముడున్నాడని మనవి చేయగా, "మంచిదేగా, ఇంట్లో కలిసి చదువుకుంటారు" అన్నారు. అది విని మావాడు వీధి పొడవునా గంతులేసినాడు. "ఇక అక్కా లేదు గిక్కా లేదు, పేరు పెట్టి పిలుస్తా" అని చాటింపు కూడా వేసినాడు.

4. అయినను అక్కకు భాగాహారం నేర్పుచున్నది వాడే. నా కత్తిరింపు బల్ల మీద బొత్తాలు కుప్ప పోసి పంచి చూపుచున్నాడు. ఫీజు కింద తనను "మాస్టారూ" అనవలెనట. అది పళ్ళు నూరుతూనే అంటున్నది. లెక్కలు వస్తున్నవి. నా బొత్తాలే కనబడుట లేదు.

కావున మరొక్కసారి పరీక్ష పెట్టించి, అమ్మాయిని ఐదులోనే ఉంచి, మా ఇంట్లో అక్క అనే పదవిని కాపాడవలెనని నా మొర. తమరు తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లారీ మెకానిక్ గారి భర్త, దర్జీ

తా.క.: రాసినదంతా పిల్లలకు చదివి వినిపించాను. అబ్బాయి పడీ పడీ నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు.

"నాలుగులోనే వెయ్యనీ నాన్నా" అంది.

"అదేంటే తల్లీ, నీ పరువు కోసమేగా ఇంత రాశాను?"

"ప్రతి బడిలోనూ మొదటిరోజు అన్నం డబ్బా పట్టుకుని ఎవరి పక్కన కూర్చోవాలో తెలీక నిలబడతాను. అక్కడైతే వీడుంటాడుగా."

అయ్యా, అప్పుడే పని నుంచి వచ్చి వింటున్న మా ఆవిడ చేతుల గ్రీజు కూడా చూసుకోకుండా దాన్ని దగ్గరకు తీసుకుంది. మావాడు నవ్వు ఆపేసి, "అక్క దిగడమెందుకు? నేనే ఐదుకొస్తా" అన్నాడు.

కావున నా కోరిక మార్చుకుంటున్నాను. అమ్మాయిని దించవద్దు, అబ్బాయిని ఎక్కించండి. కుదరదంటే ఇద్దరినీ ఏ తరగతిలోనైనా వేయండి, బెంచీ మాత్రం ఒకటే ఇవ్వండి.