వెనక తాళ్ళ జాకెట్టు

బ్రూక్షాబాద్,
పోర్ట్‌బ్లెయర్,
మే 3, 1973

జ్ఞానక్కా,

నీకూ బావగారికీ వందనాలు. రాయక రాయక రాస్తే పని చెప్పడానికే రాసిందని తిట్టుకుంటావు. తిట్టుకో, పని మాత్రం చెయ్యి. మా స్కూలు సత్యారావు మాస్టారు సెలవులకి భీమిలి వస్తున్నారు. ఆయన చేతికి తెల్ల గుడ్డా, నా ఆది జాకెట్టూ ఇచ్చి పంపుతున్నాను. కొలతలు దాన్ని చూసి తీసుకో, తీరు మాత్రం నేను చెప్పినట్టే ఉండాలి. మెడ గొంతుదాకా మూసి, చేతులు మణికట్టుదాకా పెట్టు. ఛాతీ దగ్గర డాట్లు ఒక్కటీ వద్దు, సంచిలా ఉన్నా సరే. వెనక పైనుంచి కిందిదాకా తెరిచి, హుక్కులకి బదులు తాళ్ళు కుట్టు. బుట్ట చేతుల కోసం నా ప్రాణం తీసిన లీదియాయేనా ఇది అని నవ్వకు. ఇక్కడి ఉప్పుగాలికి హుక్కులు తుప్పుపట్టి జాకెట్లన్నీ మరకలే. దోమల సంగతి సరేసరి. డాట్లుంటే ఇస్త్రీ కుదరదు. పైగా పోర్ట్‌బ్లెయర్లో ఇప్పుడిదే ఫ్యాషను. మాస్టారు తిరిగొచ్చే ఓడకి అందించు. ఆలస్యం చెయ్యకు.

నీ చెల్లెలు
లీదియా


భీమిలి,
మే 19

లీదియా,

గుడ్డ చేరింది. కత్తిరించలేదు. కత్తిరించను కూడా. ఉప్పుగాలి కబుర్లు ఎవరికి చెప్తావే? మాకిక్కడ సముద్రం లేదా? తుప్పుపట్టని ఇత్తడి హుక్కులు నా కుట్టుపెట్టె నిండా ఉన్నాయి. వెనక తాళ్ళు పెడితే నీ అంతట నువ్వు కట్టుకోలేవు. పొద్దున్నే స్కూలుకి పరిగెత్తే మనిషివి, రోజూ నీకెవరు కడతారు? నీ ఆది జాకెట్టు తిరగేసి చూశాను. ఎడమపక్క కుట్టు విప్పి లోపలి గుడ్డంతా వదులు చేసుకున్నావు. కుడిపక్క నేను వేసిన కుట్టు వేసినట్టే ఉంది. ఎడమపక్క మరక ఎంత ఉతికినా పోయినట్టు లేదు. వెనక తాళ్ళతో తెల్ల జాకెట్టు నా జన్మలో ఒక్కసారే కుట్టాను, మా అత్తగారిని సమాధిపెట్టెలో పడుకోబెట్టిన రోజున. ఇది ఎవరికో సూటిగా రాయి. అది తెలిసేదాకా మిషను ముట్టను.

జ్ఞానవతి


బ్రూక్షాబాద్,
జూన్ 4

అక్కా,

జాకెట్టు కుట్టేవాళ్ళ దగ్గర ఒళ్ళు దాచడం ఎవరి తరం? అది నాకే. రొమ్ములో గడ్డ లేచింది. సిగ్గుపడి దాచాను, ఇప్పుడది పుండైంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, "దీదీ, మద్రాసు పోయినా ఫాయిదా లేదు. ఓడ మీద తకలీఫ్ పడకండి, ఇంట్లో ఆరాంగా ఉండండి" అని చెప్పింది.

చావంటే భయం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. మొన్న మా చర్చి సంఘంలో ఒకావిడ పోయింది. స్నానం చేయించడానికి నేనూ వెళ్ళాను. చేతులు బిగుసుకుపోయి జాకెట్టు ఎక్కలేదు. మా వీధి గవరమ్మ పిన్ని కత్తెర తెప్పించి వీపు మీద చీల్చింది. మర్నాడు కుళాయి దగ్గర అదే ముచ్చట. "సూసినావేటమ్మా, ఒళ్ళెలాగైపోనాదో! బాప్ రే, ఆ వాసన!" అని పిన్ని నాతోనే అంది. చెడ్డమనిషి కాదు, నోరు ఊరుకోదు, అంతే. రేపు నా గురించీ అలాగే చెప్పుకుంటారు. వాళ్ళంతా నా దగ్గర చదువుకునే పిల్లల తల్లులు. ఆ పిల్లలకి నేను అలా గుర్తుండడం నాకిష్టం లేదక్కా.

అందుకే మీ మరిది చేత ఒట్టు వేయించుకున్నాను. తలుపేసుకుని ఆయనొక్కరే నాకు బట్టలు తొడగాలి. ఆయన హార్బరులో పడవల మీద పనిచేసే మనిషి. "హుక్కులూ కాజాలూ నా వల్ల కాదు లీదియా. తాడైతే ఎలాగైనా బాంధేస్తాను" అన్నారు. అని గోడవైపు తిరిగిపోయారు. తాళ్ళు అందుకే. చేతులు పైకెత్తకుండా ముందునుంచి తొడగాలని వెనక తెరవమన్నాను. ఎడమచెయ్యి వాచి మొద్దులా ఉంది, అందుకే పొడుగు చేతులు. డాట్లెందుకు వద్దన్నానో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు కుట్టనంటే అబర్డీన్ బజార్లో దర్జీకిస్తాను. అతను ఎందుకని అడుగుతాడు, నేను చెప్పలేను.

లీదియా


భీమిలి,
జూన్ 18

లీదీ, నా తల్లీ,

మాస్టారు తెచ్చిన పొట్లంలో ఉన్నది నువ్వడిగిన జాకెట్టు కాదు. తిట్టకు. ఇది బతికున్న మనిషికి. హుక్కులు ముందుకి పెట్టాను, కుడిచేత్తో ఒక్కదానివే పెట్టుకోవచ్చు. ఎడమ చంక బాగా వెడల్పు చేశాను, వాపు పెరిగినా ఒరుసుకోదు. ఆ పక్క కుట్లన్నీ పైకి తిప్పాను, ఒక్కటీ ఒంటికి తగలదు. లోపలి మెత్తటి మల్లు గుడ్డ విడిగా ఉంటుంది, తడిసినప్పుడల్లా తీసి ఉతికింది పెట్టుకో. దీన్ని తొడుక్కుని కుళాయికి వెళ్ళు, గుడికి వెళ్ళు, ఓపికుంటే స్కూలుకీ వెళ్ళు.

నువ్వడిగిందీ కుట్టాను. మిషను మీద కాదు, చేత్తో కుట్టాను. ఏడుస్తూ కుట్టాను, అబద్ధమెందుకు? కానీ అది పంపను. నాతో తెచ్చుకునే పెట్టెలో అడుగున పెట్టుకున్నాను. ప్రేమయ్యని ఆ ఒట్టు నుంచి విడిపించు. నిన్ను పట్టుకుని ఏడవాల్సిన మనిషిని అప్పుడు ముడులు వెయ్యమంటావా? గవరమ్మని కాదు కదా, ఆ గది గడప ఎవర్నీ తొక్కనివ్వను. నువ్వు పుట్టినప్పుడు అమ్మ జ్వరంతో మంచం దిగలేదు. నీకు మొదటిసారి నీళ్ళు పోసింది నేను. పాత చీర చింపి కుట్టిన చొక్కా తొడిగింది నేను. పసిపిల్లల చొక్కాకీ తాళ్ళు వెనకే ఉంటాయే. నీ ఒంటిమీద నేను చూడనిదేముందని?

ఈ ఓడకి నాకు చోటు దొరకలేదు. తర్వాతి ఓడకి టిక్కెట్టు తీసుకున్నాను. నేను వచ్చేదాకా ఉండవే.

నీ అక్క
జ్ఞానవతి